ప్లాన్ అప్రూవల్ ఫైలు వెనక్కి రాకుండా పెట్టడం ఎలా?

నిర్మాణ అనుమతి ఆలస్యమైతే నెపమంతా ఆఫీసు మీదికే పోతుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ ఎక్కువ రోజులు తినేసేది పరిశీలన కాదు, ఫైలు వెనక్కి వచ్చి మళ్లీ వరసలో చివర చేరడం. ఒక్కో పరిశీలనకు 10 రోజులు, మీరు జవాబు పెట్టడానికి 7 రోజులు అనుకోండి. రెండుసార్లు షార్ట్‌ఫాల్ (లోపాలు చూపి ఫైలు వెనక్కి పంపడం) పడితే 10 రోజుల పని 44 రోజులకు పోతుంది.

అందుకే ముందు టేపు పట్టండి. దస్తావేజులో వెడల్పు 40 అడుగులని ఉంటుంది, నేల మీద 39 అడుగుల 2 అంగుళాలే తేలుతుంది. కాగితం చూసి ప్లాన్ గీసేస్తే, తనిఖీ రోజున పక్క సెట్‌బ్యాక్‌లో, అంటే గోడకూ స్థలం హద్దుకూ మధ్య వదలాల్సిన ఖాళీలో, ఆ 10 అంగుళాలు తగ్గుతాయి. రెండు కొలతల్లో తక్కువదాని ప్రకారమే గీయించండి. నాలుగు వైపులా కొలిచి వదిలేయకుండా, ఎదురెదురు మూలలకు కర్ణాలు కూడా లాగి చూడాలి. స్థలం మూలమట్టం తప్పిందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. రోడ్డు విస్తరణ ప్రతిపాదన ఉందేమో కూడా కనుక్కోండి. ఉంటే ఇంటి ముందువైపు సెట్‌బ్యాక్ లెక్కే మారిపోవచ్చు.

తర్వాత ఎన్‌ఓసీలు, అంటే ఆయా శాఖలు ఇచ్చే నిరభ్యంతర పత్రాలు. అగ్నిమాపక, నీటి, విద్యుత్ శాఖల్లో మీకు ఏవి వర్తిస్తాయో, ఏది వస్తేగానీ ఏది కదలదో ఒక కాగితం మీద రాసుకోండి. ఒకదానితో ఒకటి ముడిపడనివాటికి ఒకేసారి అర్జీలు పెట్టేయొచ్చు. గడువు తేదీలు మాత్రం చూసుకోవాలి. మరీ ముందు తెచ్చుకున్నది అసలు అనుమతి వచ్చేలోపే చెల్లకుండా పోవచ్చు.

ఫైలు పెట్టే ముందు ప్లాన్ గీసినవారు కాకుండా మరొకరు సరిచూడాలి. గీసిన కళ్లకు తప్పు కనపడదు. ఏరియా స్టేట్‌మెంట్‌లో (విస్తీర్ణాల పట్టికలో) అంకెలు డ్రాయింగ్‌తో కలవకపోవడం, ఆర్కిటెక్ట్ ప్లాన్‌లో ఉన్న కాలమ్ స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో మరోచోట ఉండటం, దస్తావేజులో ఒక పేరు, దరఖాస్తులో ఇంకో పేరు: ఇవన్నీ చిన్నవే, ఫైలును మాత్రం ఆపేస్తాయి.

అయినా షార్ట్‌ఫాల్ పడిందా? ముక్కముక్కలుగా జవాబులు పంపకండి. ప్రతి అభ్యంతరం నంబరు వేసి, ఏ షీట్‌లో ఏం మార్చారో ఒక వాక్యంలో రాసి, డ్రాయింగ్ మీద మార్చిన చోట చుట్టూ గీత గీసి అన్నీ కలిపి ఒకేసారి ఇవ్వండి. పనిలో పనిగా బాల్కనీ పెంచుదామనుకోవద్దు. అడగని మార్పు కనిపిస్తే పరిశీలన మళ్లీ మొదటికొస్తుంది. ఫైలు సంగతి అడిగేటప్పుడు కూడా ‘ఎప్పుడవుతుంది?’ అనకుండా ‘ఎవరి దగ్గరుంది, ఏం కావాలి?’ అనండి.

అనుమతి చేతికొచ్చాక దశలవారీ తనిఖీలుంటాయి. ఇనుము కట్టాక తనిఖీ ఉంటే, అది పూర్తయ్యేదాకా కాంక్రీట్ పోయొద్దు. పోశాక లోపలి ఇనుము కనపడదు కాబట్టి పగలగొట్టి చూపించమనొచ్చు. మధ్యలో ప్లాన్ మారితే గోడ లేపకముందే సవరణ ప్లాన్ పెట్టండి. లేకపోతే ఆ డీవియేషన్ (ప్లాన్‌కూ కట్టినదానికీ తేడా) చివర్లో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో చేరడానికి ఇచ్చే పత్రం) దగ్గర బయటపడుతుంది. అప్పటికి టైల్స్ కూడా వేసేసి ఉంటారు.