అమెరికాలో పార్ట్‌టైమ్ పని, సొంత పని చేస్తూ నిరుద్యోగ భృతి క్లెయిమ్ చేయడం ఎలా?

లేఆఫ్ అయ్యాక భృతికి దరఖాస్తు పెట్టాలంటే చేతిలో ఉన్న చిన్న పని మానేయాలా, చేస్తూనే క్లెయిమ్ చేయొచ్చా? చాలావరకు చేస్తూనే క్లెయిమ్ చేయొచ్చు. కాకపోతే రాష్ట్ర అధికారులు మూడు విషయాలు విడివిడిగా చూస్తారు: గతంలో మీ జీతం ఎక్కడి నుంచి వచ్చింది, ఈ వారం మీరేం పని చేశారు, రేపు ఫుల్‌టైమ్ ఉద్యోగం వస్తే చేరగలరా. మొదటి రెండింటినీ కలిపేసుకోవడం వల్లే చిక్కులన్నీ. పక్కన 1099 పని (ఉద్యోగిగా కాక కాంట్రాక్టర్‌గా చేసే పని) ఉంది కాబట్టి భృతి రాదనుకుని దరఖాస్తే పెట్టనివాళ్లు కొందరు. 1099 డబ్బు జీతం కాదు కదా అని చెప్పకుండా దాటేసేవాళ్లు ఇంకొందరు. రెండూ పొరపాట్లే, రెండోది బాగా ఖరీదైనది.

1. బేస్ పీరియడ్‌లో డబ్ల్యూ-2 జీతం (ఉద్యోగిగా తీసుకున్న జీతం) ఎంతుందో చూసుకోండి

భృతి డబ్బు యజమానులు కట్టే పన్ను నుంచి వస్తుంది. అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో మాత్రం ఉద్యోగి జీతం నుంచి కూడా కొంత కోస్తారు. మీ పేరు మీద ఎవరూ ఆ పన్ను కట్టకపోతే మామూలు భృతికి ఆ సంపాదన లెక్కలోకి రాదు. సొంతంగా పనిచేసేవాళ్లకు, కాంట్రాక్టర్లకు అడ్డుపడేది ఇదే. 2020లో కేర్స్ చట్టం కింద వాళ్లకూ డబ్బు ఇచ్చిన మాట నిజమే కానీ, ఆ పాండమిక్ పథకం 2021 సెప్టెంబర్‌లో ముగిసింది. దాన్ని గుర్తు పెట్టుకుని ఇప్పుడు దరఖాస్తు పెడితే లాభం లేదు.

బేస్ పీరియడ్ అంటే సాధారణంగా పూర్తయిన చివరి ఐదు త్రైమాసికాల్లో మొదటి నాలుగు. మే నెలలో దరఖాస్తు పెడితే కిందటి సంవత్సరం జనవరి నుంచి డిసెంబర్ వరకు చూస్తారు. ఫిబ్రవరిలో పెడితే అది ఇంకాస్త వెనక్కి జరిగి, అంతకుముందు ఏడాది అక్టోబర్ నుంచి కిందటి ఏడాది సెప్టెంబర్ వరకు అవుతుంది. ఏడాది క్రితం ఉద్యోగం మాని ఫ్రీలాన్స్‌లోకి వెళ్లినవాళ్లకు ఈ తేదీలు చాలా ముఖ్యం: ఆలస్యం చేసేకొద్దీ పాత జీతం బేస్ పీరియడ్ నుంచి జారిపోతుంది. ఈ లెక్కలో జీతం చాలకపోతే చాలా రాష్ట్రాలు చివరి నాలుగు త్రైమాసికాలతో మరోసారి చూస్తాయి. అలా చూడమని అడగండి.

ఆ కాలంలో రెండు ఉద్యోగాలు చేసి ఉంటే రెండింటి జీతాలూ కలుస్తాయి. పార్ట్‌టైమ్ జీతం కూడా జీతమే.

ఇంకో సంగతి. కంపెనీ మిమ్మల్ని 1099 మీద పెట్టుకుని, పని వేళలు, పద్ధతి, పర్యవేక్షణ అన్నీ తన చేతిలోనే ఉంచుకుందా? అప్పుడు 1099 కాగితాన్ని బట్టి మీరు కాంట్రాక్టర్ అయిపోరు. దరఖాస్తులో ఆ కంపెనీని యజమానిగానే రాయండి. బ్యాంకులో పడిన మొత్తాలు, పని అప్పజెప్పిన ఈమెయిళ్లు, ఒప్పందం జత చేయండి. రాష్ట్రం విచారిస్తుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మసాచుసెట్స్ వాడే 'ఏబీసీ' పరీక్షలో, మీరు ఉద్యోగి కాదని నిరూపించే భారం కంపెనీదే.

2. పని చేసే హక్కు ఉందో లేదో తేల్చుకోండి

గ్రీన్‌కార్డు గానీ, చెల్లుబాటయ్యే ఈఏడీ (పని అనుమతి కార్డు) గానీ ఉంటే ఈ మెట్టు దాటినట్టే. హెచ్-1బిలో ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. కొత్త యజమాని పిటిషన్ వేస్తే తప్ప ఆ రోజుల్లో పని చేయడానికి వీల్లేదు. అందుకే 'పనికి అందుబాటులో ఉన్నారా' అనే ప్రశ్న దగ్గరే క్లెయిమ్ తరచుగా ఆగిపోతుంది. పైగా హెచ్-1బి మీద ఉండి పక్కన 1099 పని చేస్తే భృతి మాట అలా ఉంచి, వీసాకే ముప్పు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

3. సంపాదనను బట్టి భృతిలో కోతను మీ రాష్ట్రం ఎలా లెక్కిస్తుందో తెలుసుకోండి

రాష్ట్రానికో సూత్రం ఉంటుంది. వారపు భృతి 400 డాలర్లు, పార్ట్‌టైమ్‌లో ఆ వారం సంపాదన 200 డాలర్లు అనుకుందాం.

కాలిఫోర్నియాలో సంపాదనలో 25 డాలర్లు లేదా 25 శాతం, ఏది ఎక్కువైతే అది వదిలేస్తారు. ఇక్కడ 50 వదిలేసి 150 కోస్తారు, చేతికి 250 వస్తుంది. టెక్సస్‌లో భృతిలో 25 శాతం వరకు సంపాదన లెక్కలోకి రాదు. అంటే 100 వదిలేసి మిగతా 100 కోస్తారు, 300 వస్తుంది. ఇల్లినాయ్‌లో భృతిలో సగం వరకు సంపాదించినా కోత లేదు, మొత్తం 400 వస్తుంది.

న్యూయార్క్ పద్ధతి గంటలది. వారానికి 10 గంటల వరకు పని చేస్తే కోత లేదు. 11 నుంచి 16 గంటలకు పావు వంతు, 17 నుంచి 21 గంటలకు సగం, 22 నుంచి 30 గంటలకు ముప్పావు వంతు పోతుంది. 30 దాటితే ఆ వారం ఏమీ రాదు. గంటలు తక్కువైనా జీతం ఒక పరిమితి దాటితే ఆ వారం భృతి ఉండదు. డబ్బు రాకపోయినా సొంత వ్యాపారానికి పెట్టిన గంటలు ఈ లెక్కలో కలుస్తాయన్నది అక్కడ చాలామందికి తట్టని విషయం.

కోత పడిన డబ్బు ఊరికే పోదు. చాలా రాష్ట్రాల్లో అది మీ మొత్తం కోటాలో మిగిలి, తర్వాతి వారాలకు పనికొస్తుంది. అయితే బెనిఫిట్ ఇయర్ (మీ క్లెయిమ్ చెల్లే ఏడాది) ముగిసేలోపు వాడుకోవాలి. కాబట్టి భృతి తగ్గుతుందన్న భయంతో చిన్న పనిని వదులుకోవడం తరచుగా నష్టమే.

4. ప్రతి వారం సర్టిఫై చేసేటప్పుడు (ఆ వారం పని, సంపాదన వివరాలు రాష్ట్రానికి చెప్పేటప్పుడు) అన్నీ రాయండి

ఎక్కువ క్లెయిములు ఇక్కడే చెడతాయి. మూడు నియమాలు గుర్తుంచుకోండి.

పార్ట్‌టైమ్ జీతాన్ని చేతికొచ్చిన వారంలో కాదు, పని చేసిన వారంలో రాయాలి. చెక్కు రెండు వారాల తర్వాత వచ్చినా సరే. పన్నులు కోయకముందు మొత్తం, అంటే గ్రాస్, రాయాలి. బ్యాంకులో పడిన మొత్తం రాస్తే తక్కువ చూపినట్టే.

సొంత పనికి కొన్ని రాష్ట్రాలు ఖర్చులు పోను మిగిలింది అడుగుతాయి, కొన్ని మొత్తం వసూలు అడుగుతాయి. ఇన్వాయిస్ డబ్బు ఏ వారం కింద చూపాలన్నదీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మీ రాష్ట్రం ఇచ్చే క్లెయిమెంట్ హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ వెతికి, దాని ప్రకారమే వెళ్లండి. అక్కడ స్పష్టంగా లేకపోతే పోర్టల్‌లో మెసేజ్ పెట్టి, జవాబును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

'ఈ వారం పని చేశారా' అని అడిగితే, ఆదాయం సున్నా అయినా పని చేస్తే 'అవును' అనే చెప్పాలి. వెబ్‌సైట్ కట్టుకున్నా, క్లయింట్ల కోసం తిరిగినా, స్నేహితుడి కొట్లో జీతం లేకుండా కూర్చున్నా అడిగితే చెప్పాల్సిందే.

ఇందుకు ఒక చిన్న పట్టిక చాలు: తేదీ, ఎవరి పని, ఎన్ని గంటలు, ఎంత రావాలి, ఎప్పుడు వచ్చింది, ఖర్చెంత. రోజూ రాత్రి నింపండి. వారం చివర గుర్తు తెచ్చుకుని రాస్తే తేడాలొస్తాయి.

చెప్పకపోతే తెలియదనుకోవద్దు. యజమానులు కొత్తగా చేరినవాళ్ల వివరాలు 20 రోజుల్లోపు రాష్ట్రానికి పంపాలి, జీతాల లెక్క ప్రతి త్రైమాసికం పంపాలి. రాష్ట్రాలు వీటిని క్లెయిములతో పోల్చి చూస్తాయి. మోసమని తేలితే తీసుకున్న డబ్బు వెనక్కి కట్టడంతో పాటు, ఫెడరల్ చట్టం ప్రకారమే కనీసం 15 శాతం జరిమానా ఉంటుంది. కొన్ని వారాలు భృతి ఆపేయడం దీనికి అదనం.

5. ఫుల్‌టైమ్ ఉద్యోగానికి సిద్ధంగా ఉన్నట్టు చూపండి

సైడ్ బిజినెస్ ఉండటం తప్పు కాదు. అది ఉద్యోగ వేటకు అడ్డొస్తేనే సమస్య. పగలంతా వ్యాపారంలో ఉంటానని చెబితే అందుబాటులో లేరని తేలుస్తారు. లేఆఫ్‌కు ముందు నుంచీ వారాంతాల్లో చేస్తున్న పని అయితే, ఎప్పటి నుంచి, ఏ వేళల్లో చేస్తున్నారో తేదీలతో చెప్పండి. పూర్తి రోజు ఖాళీ అని అధికారికి అర్థం కావాలి. దరఖాస్తులు, ఇంటర్వ్యూల జాబితా విడిగా ఉంచుకోండి.

సొంత కార్పొరేషన్ పెట్టుకుని, అందులోంచి తనకు తానే డబ్ల్యూ-2 జీతం ఇచ్చుకున్నవాళ్లు జాగ్రత్త. కంపెనీ ఇంకా నడుస్తుంటే చాలా చోట్ల ప్రశ్నలు ఎదురవుతాయి. వ్యాపారం నిజంగా ఆగిందని చూపే కాగితాలు కావాలి.

పార్ట్‌టైమ్ పనిని సరైన కారణం లేకుండా మీ అంతట మీరే మానేయకండి. ఫుల్‌టైమ్ ఉద్యోగం లేఆఫ్‌లో పోయి అర్హత వచ్చినా, చిన్న ఉద్యోగాన్ని వదిలేశారన్న కారణంతో ఆ అర్హత దెబ్బతినొచ్చు.

6. వ్యాపారమే చేయాలనుకుంటే

ఆరిగన్, న్యూ హాంప్‌షైర్ వంటి కొద్ది రాష్ట్రాల్లో సెల్ఫ్-ఎంప్లాయ్‌మెంట్ అసిస్టెన్స్ అనే కార్యక్రమం ఉంది. భృతికి అర్హులై, అది అయిపోయేలోపు ఉద్యోగం దొరకడం కష్టమని రాష్ట్రం గుర్తించినవాళ్లకే ఇది వర్తిస్తుంది. అందులో చేరితే వారపు మొత్తం వస్తూనే ఉంటుంది, ఉద్యోగం వెతకాల్సిన పని లేదు, వ్యాపారంలో వచ్చింది కోయరు. బదులుగా ఫుల్‌టైమ్‌గా వ్యాపారం మీదే పనిచేయాలి. అనుమతి వచ్చాకే మొదలుపెట్టండి.

7. తిరస్కరిస్తే

నోటీసులో కారణం ఏ మెట్టుదో చూడండి: జీతం చాలలేదా, అందుబాటులో లేరన్నారా, సంపాదన తప్పుగా రాశారన్నారా. దేనికి కావాల్సిన ఆధారం దానికే పంపాలి. అప్పీలు గడువు టెక్సస్‌లో 14 రోజులు, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో 30 రోజులు. అప్పీలు తేలే వరకు ప్రతి వారం సర్టిఫై చేస్తూనే ఉండండి. మధ్యలో వదిలేసిన వారాలకు, గెలిచినా డబ్బు రాకపోవచ్చు.