నాటు గులాబీ మళ్లీ మళ్లీ పూయాలంటే

లేత రంగులో, గుప్పున వాసన వచ్చే నాటు గులాబీ మీ ఇంట్లో ఉంటే, వాడిన పువ్వును మొక్కకే వదిలేయకండి. చాలామంది రేకలు రాలాక తొడిమ మాత్రం తుంచేస్తారు. అది చాలదు. పువ్వు కింద ముందు మూడు రెబ్బల ఆకులుంటాయి, ఇంకాస్త కిందికి వెళ్తే ఐదు రెబ్బల ఆకు కనిపిస్తుంది. దానికి పావు అంగుళం పైన, పదునైన కత్తెరతో ఏటవాలుగా కత్తిరించండి. ఆ ఆకు బయటి వైపుకు ఉంటే మరీ మంచిది, కొత్త కొమ్మ అటే సాగి మొక్క మధ్యలో గాలి ఆడుతుంది. ఆరేడు వారాల్లో మళ్లీ పువ్వు చూస్తారు.

రోజుకు 6 గంటల ఎండ ఉండాలి. నీళ్లు పొద్దున్నే, ఆకుల మీద పడకుండా మొక్క మొదట్లోనే పోయండి. ఆకులు రాత్రంతా తడిగా ఉంటే నల్ల మచ్చలు వస్తాయి.

అన్నట్టు, నర్సరీలో కొన్న అంటు మొక్కైతే అంటు కట్టిన చోటుకి కింద నుంచి వచ్చే కొమ్మల్ని ఎప్పటికప్పుడు తీసేయండి. తెలియక నేను ఆ కొమ్మల్ని ఉంచేసి, మొక్క ఏపుగా పెరుగుతోందని మురిసిపోయాను, అసలు మొక్క ఎండిపోయింది. ఇప్పటికీ బాధే.

పూజకు కోసేవాళ్లు ఎండెక్కకముందే కోయండి, వాసన అప్పుడే నిండుగా ఉంటుంది.