షూలో ఇన్‌సోల్ ఏది వెయ్యాలి, ఎలా చూసి కొనాలి

బెంగళూరులో మనవాళ్ళు మారతహళ్ళి, బీటీఎం వైపు పీజీల్లో చాలామంది ఉంటారు కదా, బస్‌స్టాప్ దాకా నడక తప్పదు, ఫుట్‌పాత్ రాళ్ళేమో ఒకటి పైకి ఒకటి కిందకి, సాయంత్రానికి మడమలు లాగేస్తుంటే వెంటనే కొత్త షూ కొనేస్తారు, దానికి ముందు లోపలి ఇన్‌సోల్, అంటే పాదం కింద పరిచి ఉండే మెత్తటి పొర, ఒకసారి బయటికి తీసి చూడండి. మడమ దగ్గర గుంట పడి, వేలితో నొక్కితే మళ్ళీ లేవట్లేదంటే దాని పని అయిపోయినట్టే.

షాపుల్లో ముందు చూపించేది మెమరీ ఫోమ్. కాలు పెట్టగానే హాయిగానే ఉంటుంది, కానీ అది ఒంటి వేడికి మెత్తబడి మెల్లగా తేరుకునే రకం, గబగబా నడుస్తుంటే అడుగుకీ అడుగుకీ మధ్య పూర్తిగా లేచే టైమ్ దొరకదు, మరీ మెత్తనిదైతే మడమ కూరుకుపోయి పక్కలకి ఊగుతుంది, ఆ ఊపుని ఆపడానికి చీలమండ, పిక్కలు ఊరికే కష్టపడతాయి. ఈవీఏ అని ఇంకో రకం ఫోమ్ ఉంటుంది, తేలిక, చవక, వాడేకొద్దీ అణిగిపోతుంది. పీయూ, అంటే పాలీయూరిథేన్ ఫోమ్, కాస్త బరువే గానీ ఎక్కువ కాలం నిలబడుతుంది, రోజంతా నిలబడే డ్యూటీ వాళ్ళకి నేనైతే అదే చెప్తా. కార్క్ మొదట గట్టిగా ఉన్నా పోనుపోను మీ పాదానికి తగ్గట్టు సర్దుకుంటుంది. జెల్ రకమైతే మడమ కింద పెట్టే ముక్క వరకు చాలు.

కొనడానికి సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి, మీ షూ కూడా తీసుకెళ్ళండి. నొక్కి వదిలితే చప్పున లేవాలి, మడమ భాగం గిన్నెలా లోతుగా, అంచులు గట్టిగా ఉండాలి. పాతదాని మీదే కొత్తది వేస్తే మడమ పైకి లేచి షూ జారిపోతుంది, పాతది తీసేయండి. పొడుగైతే పాతది పైన పెట్టి గీసుకుని వేళ్ళ వైపే కొంచెం కొంచెంగా కత్తిరించండి, మడమ వైపు అస్సలు ముట్టుకోవద్దు. మొదట్లో రోజుకి గంటో రెండు గంటలో చాలు, కబ్బన్ పార్క్‌లో చదునైన దారి చూసుకుని నడవండి. వానకి తడిస్తే తీసి నీడలో ఆరబెట్టాలి, బాగా వేడి తగిలితే ఈవీఏ ముడుచుకుపోతుంది.

ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉండి కాళ్ళు తిమ్మిరిగా ఉంటే మాత్రం షాపులో దొరికింది వెయ్యకండి ప్లీజ్, లోపల మడత ఒత్తుకున్నా వాళ్ళకి తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. వాళ్ళ కోసం ఎంసీఆర్ అని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు ఉంటాయి, డాక్టర్‌ని అడిగి తీసుకోండి, రాత్రి పడుకునే ముందు వాళ్ళ అరికాళ్ళు మీరే చూడండి.