మన ఊర్ల నెలనెలా పాటల ప్రోగ్రాం నడపాలంటే: హన్మకొండ స్లాబు మీద నేర్చుకున్నయి

ముందుగల్ల తారీకు ఫిక్స్ చేసుకోండ్రి, ఆర్టిస్టు తర్వాత. చానమంది మంచి సింగర్ దొరికితే ప్రోగ్రాం పెడ్దాం అనుకుంటరు, అట్ల పెడితే అది ఒక్కసారి అయి ఆగిపోతది. మేం రెండో శనివారం సాయంత్రం ఆరున్నర అని పెట్టుకున్నం, ఎందుకంటే ఆ రోజు ఆఫీసులు బంద్ ఉంటయి, తెల్లారి ఆదివారం, వరంగల్ నిట్ పిల్లలు, కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు సుత ఖాళీగ ఉంటరు. మూడో నెలకు వచ్చేసరికి "ఈసారి ఉన్నదా అన్నా" అని ఫోన్లు చేసుడు బందయింది, డైరెక్టుగ వచ్చి కూసుంటున్నరు.

అయితే పన్నెండు నెలలు నడపాలని పట్టు పట్టకండ్రి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర షురూ అయితది, డోలు కొట్టుకుంట మల్లన్న కథ పాడి చెప్పే ఒగ్గు కళాకారులకు అదే సీజన్, వాళ్లు మీకు దొరకరు, దొరకాలని అడుగుడు సుత కరెక్ట్ కాదు. బతుకమ్మ తొమ్మిది రోజులు మన పాట మన ఆడోళ్ల నోట్లనే ఉంటది, ఇంక మనం వేరే స్టేజీ ఎందుకు. మేడారం జాతర వచ్చిన ఏడు ఆ నెలంత టౌన్ అటే పోతది. మే ఎండలల్ల రాత్రి ఎనిమిదింటికి సుత స్లాబు సల్లారదు. లగ్గాల ముహూర్తాలు ఎక్కువున్న నెలల సౌండోళ్లు, డోలక్ వాయించేటోళ్లు ఎవ్వరూ ఫోన్ ఎత్తరు. ఇవన్ని తీసేస్తే ఏడాదికి ఏడెనిమిది మిగులుతయి, ఆ తారీకులు ముందే రాసి అందరికి చెప్పేయండ్రి, చెప్పినంక మాత్రం ఒక్కటి సుత తప్పద్దు.

జాగ విషయం. మాది హన్మకొండల ఒక దోస్తువాళ్ల ఇంటి స్లాబు మీద మొదలైంది, మూడు జంపఖానాలు, ఒక స్పీకర్, రెండు మైకులు, పద్దెనిమిది మంది. కుర్చీలు వెయ్యకండ్రి మొదట్ల. యాభై కుర్చీలల్ల ఇరవై మంది కూసుంటే పాడేటోళ్ల పాణం సగం పోతది, అదే ఇరవై మంది జంపఖానా మీద దగ్గర దగ్గర కూసుంటే పాడేటోళ్లకు ఊపు వస్తది. ఏడాది అయినంక మాకు ఆశ పుట్టి ఒక ఫంక్షన్ హాల్ తీసుకున్నం, మూడు వందల కుర్చీలు వేయించినం, తొంభై మంది వచ్చిన్రు, కింద టైల్స్, చుట్టు ఉత్త గోడలు, ఒక్క మాట రెండుసార్లు వినపడుతున్నది, పాట ఎవ్వరికీ అర్థం కాలే. స్లాబు మీద అదే తొంభై మంది అయితే పండుగ ఉండేది. ఇప్పుడు మా దగ్గర 2024 నవంబర్‌ల ఓపెన్ అయిన కాళోజీ కళాక్షేత్రం ఉన్నది, పబ్లిక్ గార్డెన్ల నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉన్నది, మంచి జాగలే, కానీ కూసునే జాగ చాలక జనం మెట్ల మీద నిలబడే దాక చిన్న జాగ విడువకండ్రి.

ఇగ ఎవరు పాడాలె. మొదట్ల మాకు గిటార్ పట్టుకున్న కాలేజీ పిల్లలే దొరికిన్రు, అందరూ సినిమా పాటలే, బాగనే ఉండె, కానీ ఆరు నెలలకు అవే పది పాటలు తిరిగి తిరిగి వస్తున్నయి. అప్పుడు ప్రోగ్రాంను రెండు ముక్కలు చేసినం: ముందు సగం పిల్లల బ్యాండు, వాళ్ల సొంత పాట ఒక్కటన్న ఉండాలె, వెనుక సగం ఊర్లల్ల నుంచి వచ్చే జానపదం, ఒగ్గు, తంబుర లాంటి శారద మీటుకుంట చెప్పే శారద కథ, డప్పు. ఈ ఒక్క మార్పుతోటే మా ప్రోగ్రాం మాది అనిపించుకున్నది.

ఒగ్గు కథ రాత్రంత నడిచేది. "తాతా, నలభై నిమిషాలల్ల అయిపోవాలె" అంటే వాళ్లకు మనసొప్పదు, కథ సుత కుంటుతది. టైం అడగకండ్రి, ఏ ఘట్టం చెప్తరో అడుగుండ్రి. ఒక్క ఘట్టం మొత్తం చెప్పించండ్రి, అది యాభై నిమిషాలు అయితే యాభై.

డప్పు సంగతి నేను ఎన్నటికీ మర్వను. డిసెంబర్ల ఒక రాత్రి, మంచు పడుతున్నది, పెద్దాయన వచ్చి డప్పు మీద వేలుతోటి రెండుసార్లు కొట్టి చూసి, "మంట యాడ పెట్టినవ్ బిడ్డా" అన్నడు. మేం మైకు, లైటు, మంచినీళ్లు అన్ని చూసుకున్నం, మంట సంగతే యాదికి లేదు. తడికి తోలు వదులైతది, కాపితేనే బిగుస్తది, లేకుంటే అది డప్పు గాదు అట్టపెట్టె. కింద వాకిట్ల రెండు కట్టల గడ్డి అంటుపెట్టినం, ఆయన డప్పును మంట మీద తిప్పుకుంట, మధ్య మధ్యల వేలుతోటి కొట్టి వినుకుంట పది నిమిషాలు కాపిండు. మోత మెల్లగ ఎక్కుతుంటె మీద కూసున్నోళ్లంత పిట్టగోడ దగ్గరికొచ్చి చూస్తున్నరు. అప్పటి నుంచి మా సామాన్ల లిస్టుల మొదటిది గడ్డి, ఇసుక బకెట్ దాని పక్కన.

సౌండ్‌కు టెంట్ హౌస్ సామాను సరిపోతది, కాని అతను పెట్టినట్టు వదిలెయ్యకండ్రి. స్పీకర్లు పాడేటోళ్ల కంటే ముందుకు ఉండాలె, వెనుకకు ఉంటే మైకు కూత పెడ్తది. చిన్న జాగల డోలుకు, డప్పుకు మైకు పెట్టద్దు, గొంతుకు పెట్టండ్రి చాలు. అర్థింగ్ లేని ప్లగ్గుల గిటార్ ఆంప్ పెడితే గుయ్యిమంటది, అంతేగాదు మైకుకు పెదవి తాకితే షాక్ సుత కొట్టొచ్చు, అందుకే ఎలక్ట్రీషియన్‌తోటి ఒక్కసారి అర్థింగ్ చూపించుకోండ్రి. అరగంట సౌండ్ చెక్ జనం రాకముందే అయిపోవాలె.

పర్మిషన్ కోసం పోలీస్ స్టేషన్ల ముందే రాసి ఇయ్యాలె. 2000ల వచ్చిన శబ్ద కాలుష్యం రూల్స్ ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాక బయట మైకు పెట్టద్దు. దవాఖాన, బడి, కోర్టు చుట్టు వంద మీటర్లు సైలెన్స్ జోన్, ఇండ్ల మధ్యల పగటి లిమిట్ 55 డెసిబెల్స్. మేం తొమ్మిదింటికే బంద్ చేస్తం, పక్కింటి అమ్మమ్మకు ముందటి రోజే పోయి చెప్తం, ఇప్పుడు ఆమెనే అందరికంటె ముందు వచ్చి కూసుంటది.

పైసలు. మొదటి ఏడు గల్ల పెట్టినం, ఎవరికి తోచింది వాళ్లు వేసిన్రు, తర్వాత వంద రూపాయల టికెట్ పెట్టినం. టికెట్ పెడితే ఒకటి యాది పెట్టుకోవాలె: సినిమా పాటలు పాడిస్తే దాని మీద హక్కులున్నయి, పాట రాసినోళ్ల, సంగీతం కట్టినోళ్ల హక్కులు చూసుకునే ఐపీఆర్ఎస్ లాంటి సంస్థ దగ్గర లైసెన్స్ తీసుకోవాల్సి ఉంటది. సొంత పాటలు, పాత జానపదం ఎక్కువ పెట్టుకునేందుకు ఇది ఇంకో కారణం. టెంట్ హౌస్ అన్నకు రేపు ఇచ్చినా నడుస్తది గని, పాడినోళ్లకు అదే రాత్రి, చేతిల, బస్సు చార్జీలు వేరేగ ఇయ్యాలె. పిల్లల బ్యాండుకు తాతలకు రేటు ఒక్కటే పెట్టుండ్రి. మా దగ్గర పాడిన ఒక అక్క పాటను ఎవరో ఫోన్ల రికార్డ్ చేసి యూట్యూబ్‌ల పెట్టుకున్నరు, మస్తు మంది చూసిన్రు, ఆమె పేరు సుత రాయలే, ఆమె మమ్ములను అడిగితే మా దగ్గర జవాబు లేదు. గప్పటి నుంచి పాడేటోళ్లు ఒప్పుకున్న పాట ఒక్కటే రికార్డ్ చేస్తం, అది పెట్టాలా వద్దా సుత వాళ్లే చెప్తరు.

హైదరాబాద్ నుంచి ఆర్టిస్టులను పిలిస్తే ఏడాదికి ఒక్కసారి చాలు, కాజీపేటల రైలు టైం చూసుకొని వాళ్లను ముందు పాడించండ్రి, ఆఖరి జాగ మనోళ్లదే.

వచ్చే నెల తారీకు, పాడేటోళ్ల పేరు ఆఖరి పాటకు ముందే చెప్పాలె. పాట అయినంక చెప్తే సగం మంది అప్పటికే మెట్ల కాడ చీకట్ల చెప్పులు వెతుకుతుంటరు.