టర్బో ఇంజన్ మార్పిడిలో కొత్త ఇగ్నిషన్: స్పార్క్ రాకపోతే, మిస్సింగ్ కొడితే ఎక్కడ చూడాలి

ఇంజన్ ఒక బండిది, వైరింగ్ ఇంకో బండిది, ఇగ్నిషన్ బాక్స్ బయట కొన్నది. ఈ మూడూ కలిశాక ఏ తేడా వచ్చినా అనుమానం ముందు కొత్త బాక్స్ మీదికే పోతుంది. నా అనుభవంలో బాక్స్ పాడవడం చాలా అరుదు. దానికి అందే కరెంటు, దాని ఎర్త్, దానికి వచ్చే సిగ్నల్, ఈ మూడింట్లో ఏదో ఒకటి సరిగ్గా ఉండదు. కాబట్టి విప్పి మార్చే ముందు మల్టీమీటర్ చేతిలోకి తీసుకోండి.

ఒక హెచ్చరిక. సిడిఐ బాక్స్ (కెపాసిటర్‌లో ఛార్జి నింపి ఒక్కసారిగా కాయిల్‌లోకి వదిలే రకం) ఉంటే, ప్లగ్గుకు హై టెన్షన్ తయారుచేసే కాయిల్ ప్రైమరీ టెర్మినళ్ల దగ్గరే 400 ఓల్టులకు పైగా ఉంటుంది. అక్కడ చెయ్యి, టెస్టర్ లైటు, మామూలు మీటరు ఏవీ పెట్టకూడదు. స్పార్క్ పరీక్ష చేసేటప్పుడు పెట్రోల్ పంపు ఫ్యూజు తీసేయండి.

సెల్ఫ్ కొడుతున్నంతసేపూ అంటుకోదు, కీ వదిలే క్షణంలో మాత్రం అంటుకోబోతుంది

ఈ ఒక్క లక్షణం చాలు, కారణం దాదాపు తెలిసినట్టే. బాక్స్‌ను ఆన్ చేసే సన్న వైరును రేడియో, ఫ్యాన్ లాంటివాటికి వెళ్లే లైను నుంచి తీశారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కీ ఆ లైనును ఆపేస్తుంది. మీటరు ఆ వైరుకు పెట్టి, పక్కన ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. కీ ఆన్‌లోనూ, సెల్ఫ్‌లోనూ ఓల్టేజీ ఉండాలి. ఏ ఒక్కదాంట్లో సున్నా అయినా ఆ లైను పనికిరాదు, రెండింట్లోనూ ఉండే లైను వెతకాలి.

పాత పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్లో తెరుచుకుని మూసుకునే స్విచ్) కాలపు వైరింగ్ అయితే కాయిల్ ప్లస్‌కు వచ్చే దారిలో కరెంటు తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్‌ గానీ, రెసిస్టర్ వైరే గానీ ఉంటుంది. చూడటానికి అది మామూలు వైరులాగే ఉంటుంది. ప్లగ్గు మీద కూర్చునే కొత్త రకం కాయిల్స్‌కు అక్కడి నుంచి కరెంటు ఇస్తే ఆకలితో పనిచేస్తాయి. పాత వైరుతో రిలేను మాత్రం లాగించి, కాయిల్స్‌కు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా కొత్త లైను వేయండి.

అసలు స్పార్కే లేదు

తప్పు బాక్స్ వైపా, సిగ్నల్ వైపా అన్నది ముందు తేల్చాలి. పాయింట్ల ట్రిగ్గర్ వైరు ఉన్న సిడిఐ బాక్స్‌లో ఇది సులువు. కాయిల్ నుంచి వచ్చే మందపాటి హై టెన్షన్ వైరు కొసను ఇంజన్ లోహానికి 12 మిల్లీమీటర్ల దూరంలో కదలకుండా బిగించండి. పికప్ (ఇంజన్ తిరగడాన్ని పసిగట్టి సిగ్నల్ ఇచ్చే సెన్సార్) కనెక్టరు ఊడదీసి, కీ ఆన్ చేసి, ట్రిగ్గర్ వైరును ఎర్త్‌కు తాకించి తీయండి. తీసిన ప్రతిసారీ స్పార్క్ దూకితే బాక్స్, కాయిల్ రెండూ బాగున్నట్టే. ఇక పికప్, దాని కనెక్టరు, దాని గ్యాప్ చూడండి. దూకకపోతే బాక్స్ లావు వైర్లు రెండూ నేరుగా బ్యాటరీకే వెళ్లాయా అని చూడండి.

కీ తీసేసినా ఇంజన్ ఆగదు

మొదటిసారి ఇది ఎదురైనప్పుడు నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. కీ స్విచ్ పాడైందని కొత్తది వేశాను, మార్పు లేదు. అసలు కారణం డాష్‌బోర్డులోని బ్యాటరీ లైటు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ నుంచి ఆ లైటు మీదుగా కొద్దిపాటి కరెంటు వెనక్కి వస్తుంది. సిడిఐ బాక్స్ ఆన్‌లో ఉండటానికి ఆ కొద్దిపాటి కరెంటే సరిపోతుంది. ఇంజన్ ఆపి, ఆల్టర్నేటర్ దగ్గర ఆ సన్న వైరు ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేసి కీ తీయండి. ఇప్పుడు ఆగితే దొంగ దొరికినట్టే. ఆ లైటు వైరులో ఒక డయోడ్ వేయండి. దాని మీది గీత ఆల్టర్నేటర్ వైపు ఉండాలి.

స్టార్టయి రెండు సెకన్లలో ఆగిపోతుంది, ఆర్‌పీఎం ముల్లు కదలదు

కొన్ని బండ్లలో ఆర్‌పీఎం మీటరు, పెట్రోల్ పంపు రిలే రెండూ పాత కాయిల్ మైనస్ సిగ్నల్ మీద ఆధారపడతాయి. ఆ సిగ్నల్ పోయింది కాబట్టి ఇంజన్ ఆగిపోయిందనుకుని రిలే పంపును ఆపేస్తుంది. ఆ వైర్లను సిడిఐ కాయిల్‌కు మాత్రం కలపకండి, కాలిపోవచ్చు. బాక్స్‌లో గానీ ఈసీయూలో (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) గానీ ఆర్‌పీఎం మీటరు కోసం వేరే అవుట్‌పుట్ ఉంటుంది, అక్కడి నుంచి ఇవ్వండి. పంపును ఈసీయూయే నడిపేలా మారిస్తే ఇంకా మంచిది.

టైమింగ్ ఒకచోట నిలబడదు

టైమింగ్ అంటే క్రాంక్ ఏ కోణంలో ఉన్నప్పుడు స్పార్క్ పడుతుందన్నది. టర్బో ఇంజన్‌లో దీన్ని తేల్చకుండా బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) ఎక్కించకూడదు. స్క్రీన్ మీద 15 డిగ్రీలు కనిపిస్తూ లోపల 22 ఉంటే నాకింగ్‌తో (మిశ్రమం అదుపు తప్పి పేలడం) పిస్టన్లు పగులుతాయి. ఈసీయూలో టైమింగ్‌ను ఒక అంకె దగ్గర లాక్ చేసి, టైమింగ్ లైటుతో ఐడిల్ దగ్గరా, 3000 ఆర్‌పీఎం దగ్గరా చూడండి. పుల్లీ మీది టైమింగ్ గుర్తు కదలకూడదు.

వేగం పెరిగేకొద్దీ గుర్తు జరిగితే, లేదా ముందుకూ వెనక్కూ ఎగిరితే, క్రాంక్ పికప్ వైర్లు తారుమారు అయి ఉండొచ్చు. రెండు వైర్ల మ్యాగ్నెటిక్ పికప్ అయితే వాటిని అటూ ఇటూ మార్చి మళ్లీ చూడండి. మూడు వైర్ల హాల్ సెన్సార్‌కు ఈ పని చేయొద్దు. అందులో ప్లస్, ఎర్త్, సిగ్నల్ దేనికదే, తప్పు పెడితే సెన్సార్ పోతుంది. దాని విషయంలో ఈసీయూలో సిగ్నల్ ఎడ్జ్ సెట్టింగ్ (సిగ్నల్ లేచేటప్పుడు లెక్కించాలా, పడేటప్పుడా అన్నది) చూడాలి. పికప్ కేబుల్ షీల్డ్‌ను ఒక్క కొసలోనే, ఈసీయూ వైపున, ఎర్త్ చేయాలి.

ఐడిల్‌లో బాగుంటుంది, బూస్ట్ రాగానే మిస్సింగ్

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే. సిలిండర్లో ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు గ్యాప్‌లో స్పార్క్ దూకడానికి ఎక్కువ ఓల్టేజీ కావాలి. ఐడిల్‌లో సరిపోయిన కాయిల్ బూస్ట్‌లో చేతులెత్తేస్తుంది. లేదా స్పార్క్ సులువైన దారి వెతుక్కుని, ప్లగ్గు బూట్ పగులులోంచి ఎర్త్‌కు దూకుతుంది.

ముందుగా గ్యాప్ చూడండి, ఇందులో ఖర్చేమీ లేదు. 1.0 లేదా 1.1 మిల్లీమీటర్లు ఉంటే 0.7కి తగ్గించి నడపండి. మిస్సింగ్ పోతే స్పార్క్ చాలడం లేదని తేలినట్టే, ఇక కాయిల్ పూర్తి బలంతో పనిచేస్తోందా అన్నది చూడాలి. కాయిల్ దగ్గరి ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య, ఇంజన్ తిరుగుతుండగా, మీటరు పెట్టండి. 0.2 ఓల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. పెయింట్ గీకి, ఇంజన్ నుంచి బ్యాటరీకి లావు పట్టీ వేయండి. స్మార్ట్ కాయిల్స్ (స్విచింగ్ సర్క్యూట్ లోపలే ఉన్నవి) పవర్ ఎర్త్ సిలిండర్ హెడ్‌కే వెళ్లాలి, సెన్సార్ల ఎర్త్‌తో కలపకూడదు. తర్వాత డ్వెల్, అంటే ప్రతి స్పార్క్‌కు ముందు కాయిల్ ఛార్జి అయ్యే సమయం. ఇంకో కాయిల్ అంకెలు అలాగే వదిలేస్తే ఛార్జి చాలదు, మరీ పెంచితే కాయిల్ వేడెక్కి చస్తుంది. మీ కాయిల్‌కు తయారీదారు ఇచ్చిన పట్టికే వాడండి. చివరగా, టర్బో పక్కగా పోయే వైర్లను చేత్తో తడిమి చూడండి. గట్టిపడిన స్లీవ్, కరిగిన కనెక్టరు అక్కడే దొరుకుతాయి.

మిస్సింగ్‌తోనే బండి తోలుతూ ఉండకండి. కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి అక్కడ మండి, టర్బైన్‌నూ క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ దెబ్బతీస్తుంది.

ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర ఈసీయూ ఆగి మళ్లీ ఆన్ అవుతుంది

ఇది స్పార్క్ నుంచి పుట్టే ఎలక్ట్రికల్ రొద. లోపల లోహపు తీగ ఉన్న ప్లగ్గు వైర్లు తీసేసి స్పైరల్ కోర్‌వి వేయండి, రెసిస్టర్ ప్లగ్గులే వాడండి. పికప్ కేబుల్ ప్లగ్గు వైర్ల వెంట పోతుంటే దూరంగా జరపండి. తప్పదంటే వాటిని అడ్డంగా దాటించండి.