చలివేంద్రం పెట్టడం, వేసవి చివరిదాకా నడపడం

ఉగాది దాటిందంటే ఊరూరా చలివేంద్రాలు వెలుస్తాయి. కొబ్బరికాయ కొట్టి, పెద్దల చేతుల మీదుగా మొదటి గ్లాసు అందించి, ఫొటోలు దిగడంతో సందడి ముగుస్తుంది. అసలు ఎండలు ముదిరే రోహిణి కార్తె వచ్చేసరికి, అంటే మే నెలాఖరుకు, చాలాచోట్ల కుండలు ఎండిపోయి ఫ్లెక్సీ ఒక్కటే నిలబడి ఉంటుంది. చలివేంద్రం పెట్టడానికి ఒక పూట ఉత్సాహం చాలు. నడపడానికి మాత్రం రెండు నెలలకు పైగా రోజూ మిట్టమధ్యాహ్నం కుండ దగ్గర ఉండే మనిషి కావాలి. తొలిసారి ఈ పనికి పూనుకునే యువజన సంఘాలకు, కాలనీ సంఘాలకు, పూర్వవిద్యార్థి బృందాలకు పనికొచ్చేలా ఆ నడపడం గురించే ఇక్కడ వివరిస్తాను.

మొదట స్థలం సంగతి. ప్రధాన కూడలిలో పెడితే పదిమంది కంటా పడుతుంది గాని, అక్కడ హోటళ్లు, కూల్‌డ్రింకు దుకాణాలు ఎలాగూ ఉంటాయి. నీళ్లు కొనుక్కోలేనివారు, కొందామన్నా దొరకనివారు ఎక్కడ నిలబడుతున్నారో వెతకాలి. పల్లె బస్సులు ఆగే స్టేజీ, కూలీలు చేరే అడ్డా, ప్రభుత్వాసుపత్రి గేటు, వారపు సంత అలాంటి చోట్లు. ఎంచుకున్న చోటికి ఒకసారి మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూడాలి. ఉదయం చల్లగా కనిపించిన గోడ నీడ ఆ వేళకు తప్పుకొని ఉండవచ్చు. పందిరికి తాటాకు గాని కొబ్బరాకు గాని మేలు. రేకులు వేస్తే కింద కూర్చున్న మనిషితోపాటు కుండలు కూడా ఉడికిపోతాయి. గ్రామంలో పంచాయతీ కార్యదర్శికి, పట్టణంలో మున్సిపల్ కార్యాలయానికి ముందుగా ఒక అర్జీ ఇవ్వాలి; రద్దీ రోడ్డు పక్కనైతే ట్రాఫిక్ పోలీసులకూ చెప్పాలి. ఈ అర్జీలోనే నీళ్ల ట్యాంకరు గాని కుళాయి కనెక్షను గాని ఇవ్వమని అడిగితే చాలాసార్లు ఇస్తారు.

నీటి విషయంలో మొహమాటానికి తావు ఇవ్వకూడదు. మన చలివేంద్రంలో తాగి పదిమందికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే చేసిన సేవంతా నీళ్లపాలే. పంచాయతీ రక్షిత మంచినీరు గాని, నమ్మకమైన ప్లాంటు నుంచి తెచ్చిన క్యాన్లు గాని వాడాలి. బోరు నీరు తప్ప గతిలేని చోట దాన్ని ముందుగా పరీక్ష చేయించాలి. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం ప్రాంతాల్లో ఫ్లోరైడ్ సమస్య ఎంత పాతదో అందరికీ తెలుసు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే ఆధారమే లేకపోతే 1.5 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. నీటిని మరిగించినా క్లోరిన్ కలిపినా ఫ్లోరైడ్ పోదు. క్రిములను చంపడానికైతే క్లోరిన్ బిళ్లలు సరిపోతాయి. వాటి కోసం ఆరోగ్య ఉపకేంద్రంలో అడగవచ్చు. ఎన్ని లీటర్లకు ఒక బిళ్లో పాకెట్టు మీద చూసి, మూత ఉన్న డ్రమ్ములో కలిపి, కనీసం అరగంట ఆగిన తరువాతే ఆ నీటిని కుండల్లోకి మార్చాలి. చల్లదనం కోసం ఐసు దిమ్మలు వేయడం మాత్రం వద్దు. చేపల పెట్టెలకు వెళ్లే ఐసుకు తాగునీరు వాడారో లేదో మనకు తెలిసే వీలు లేదు.

ఐసు అక్కరలేకుండానే నీళ్లు చల్లబరిచే పని కుండ చేస్తుంది, దాని పని దాన్ని చేయనిస్తే. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి చెమరుస్తుంది. ఆ తేమ ఆవిరయ్యేటప్పుడు లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. కనుక దాతల పేర్లు రాయడం కోసం కుండలకు పెయింటు పూయించడమంత తెలివితక్కువ పని మరొకటి లేదు. రంగు ఆ రంధ్రాలను మూసేస్తుంది. పేర్లు బోర్డు మీద రాయించండి. కొత్త కుండలను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే మట్టి వాసన తగ్గుతుంది. సబ్బు గాని, గిన్నెలు తోమే పౌడరు గాని తగలనివ్వకూడదు. మట్టి వాటిని పీల్చుకొని తరువాత నీళ్లలోకి వదులుతుంది. కుండలను వరుసగా ఇసుక తిన్నె మీద కుదురుగా నిలిపి, ఇసుకను తడుపుతూ, చుట్టూ తడి గోనెపట్టా కట్టాలి. కర్నూలు, రామగుండం లాంటి పొడి ఎండల ఊళ్లలో నీళ్లు ఇట్టే చల్లబడతాయి. కాకినాడ, మచిలీపట్నం వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అంత చల్లదనం రాదు. అక్కడ పందిరికి తడికెలు కట్టి గాలిని ఆపేయకుండా రెండు వైపులా తెరిచి ఉంచాలి. నాలుగైదు వారాలకు ఉప్పు పేరుకొని కుండ చెమర్చడం తగ్గుతుంది. బయటి గోడను పీచుతో గట్టిగా రుద్దినా ఫలితం లేకపోతే కుండ మార్చడమే దారి, అందుకని ఖర్చుల లెక్కలో మొదటి నుంచీ రెండో జత కుండలను చేర్చుకోవాలి.

అప్పుడే పోసిన నీళ్లు చల్లబడడానికి కొన్ని గంటలు పడుతుంది. ఈ చిన్న సంగతి మరచిపోవడం వల్లే జనం ఎక్కువగా వచ్చే మధ్యాహ్నానికి చలివేంద్రంలో గోరువెచ్చని నీళ్లు మిగులుతాయి. కుండలను రెండు వరుసలు చేసుకోండి. రాత్రి నింపిన వరుసలోంచి ఉదయం, తెల్లవారాక నింపిన వరుసలోంచి మధ్యాహ్నం పోయాలి.

పోయడంలోనూ పద్ధతి ఉంది. వచ్చినవారు తమ గ్లాసును నేరుగా కుండలో ముంచితే ఎంత క్లోరిన్ కలిపినా లాభం లేదు. పొడవాటి కాడ ఉన్న ముంతను ఒకరి చేతిలోనే ఉంచి, తాగే మనిషి దోసిలి పట్టి వంగితే జానెడు ఎత్తు నుంచి సన్నని ధారగా పోయాలి, సీసా తెచ్చుకుంటే నింపి ఇవ్వాలి. కుళాయి బిగించిన కుండలు దొరికితే ముంత కూడా అవసరం లేదు. గ్లాసులు పెట్టదలిస్తే స్టీలువి పెట్టి, కడగడానికి వేరే తొట్టి, వేరే మనిషి ఉండేలా చూసుకోవాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. మరో మాట: దోసిట్లో పోస్తే అందరికీ దోసిట్లోనే పోయాలి, గ్లాసిస్తే అందరికీ అదే గ్లాసు ఇవ్వాలి. మనిషిని బట్టి పద్ధతి మారే రెండు గ్లాసుల ఆచారం ఎక్కడైనా తొంగిచూస్తే అది అంటరానితనం, చట్టరీత్యా నేరం; నిర్వాహకులు చూసీచూడనట్టు ఊరుకోకూడదు.

ఇక మనిషి. వాట్సాప్ గ్రూపులో వంతులు వేసుకున్న సభ్యులు మొదటి వారం వస్తారు, రెండో వారం ఒకరి బదులు ఒకరు వస్తారు, మూడో వారం ఎవరూ రారు. వాడలో ఇంటిపట్టున ఉండే ఒక పెద్దామెనో తాతనో రోజుకూలికి కుదుర్చుకోవడమే నా దృష్టిలో సరైన పని. సేవకు జీతమేమిటని కొందరు ముఖం చిట్లిస్తారు. ఎండలో రోజంతా కూర్చునే పేదవారి శ్రమను ఉచితంగా తీసుకుంటే దాన్ని సేవ అనలేం. వారికి కుర్చీ, మధ్యాహ్నం భోజనం, చీకటి పడకముందే ఇంటికి వెళ్లే వెసులుబాటు ఉండాలి. సభ్యుల వంతులను బరువులు మోసే పనికి, అంటే క్యాన్లు దింపడానికి, రాత్రిపూట కుండలు కడిగి నింపడానికి, ఉంచుకోవాలి.

లెక్క సులువే. 20 లీటర్ల క్యానులో పావు లీటరు గ్లాసులు 80 వస్తాయి. రోజుకు ఐదు వందల మంది వస్తారనుకుంటే, రెండో గ్లాసు అడిగేవారిని, ఒలికిపోయేదాన్ని కలుపుకొని పది క్యాన్లు కావాలి; కడుగుడు నీళ్లు వేరు. క్యాన్ల ధర, కూలి, కుండలు, పందిరి కలిపి జూన్ మొదటి వారం దాకా ఎంతవుతుందో ముందే కూడి, ఆ మొత్తం చేతికి వచ్చాకే ప్రారంభ తేదీ పెట్టుకోండి. డబ్బు చాలకపోతే మార్చిలో మొదలుపెట్టి మధ్యలో ఆపడం కన్నా ఏప్రిల్ చివర మొదలుపెట్టడం మంచిది. దాతలు మొదటి రోజుకే ఎగబడతారు గనుక, మే నెలలో ఒక్కో వారాన్ని ఒక్కో కుటుంబం పేర రాయించుకుంటే ఆ డబ్బు సరైన సమయానికి అందుతుంది.

మజ్జిగ ఇస్తే జనం సంతోషిస్తారు, కాని అది రోజూ సాగే పని కాదు. సంత రోజుకో ఆదివారానికో పరిమితం చేసుకోవచ్చు. పెరుగును పలచగా చిలికి, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేసి ఉదయం చేసినది మధ్యాహ్నానికల్లా అయిపోవాలి. మిగిలితే పారబోయాలే తప్ప మరునాటికి ఉంచకూడదు.

2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారని అప్పట్లో లెక్కలు వచ్చాయి. అందుకే ప్రతి చలివేంద్రంలోనూ ఓఆర్ఎస్ పాకెట్లు ఉండాలి. లీటరు నీటికి సరిపోయే పాకెట్టును సరిగ్గా లీటరు నీటిలోనే కలిపి ఇవ్వాలి. అవి అయిపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టుగా కొలిచి కలిపితే సరిపోతుంది. కళ్లు తిరుగుతున్నాయన్నవారిని నీడలో పడుకోబెట్టి, కొంచెం కొంచెంగా తాగించాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెంటనే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ విసరాలి. ఈ నాలుగు మాటలు కుండల దగ్గర కూర్చునే మనిషికి మొదటి రోజే చెప్పి, ఒకసారి చేయించి చూడాలి.

జూన్‌లో మృగశిర కార్తె ప్రవేశించి వానలు పడ్డాక పందిరి విప్పి, గుంతలు పూడ్చి, స్థలాన్ని శుభ్రం చేసి పంచాయతీకి అప్పగించాలి. జమాఖర్చుల కాగితాన్ని అదే బోర్డు మీద వారం రోజులు అంటించి ఉంచితే వచ్చే ఏడాది చందా అడగడానికి వెళ్లినప్పుడు సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. వాడిన కుండలను మళ్లీ తాగునీటికి దాచకుండా, పశువుల తొట్టెల పక్కనో చెట్ల కిందో పక్షుల కోసం వాడుకోవచ్చు. ముంతలు, గ్లాసులు, డ్రమ్ములు, మిగిలిన డబ్బు ఎవరి దగ్గర ఉన్నాయో రాసి ఇద్దరు సభ్యుల చేత సంతకాలు చేయించి పెట్టుకోండి.