వీడియోకి పాట పెట్టే ముందు లైసెన్సు చూడండి

పర్లాకిమిడిలో మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ వీడియోకి సినిమా పాట పెట్టి నెట్‌లో ఎక్కించాను. గంట తిరక్కుండా కాపీరైట్ గొడవతో సౌండు ఎగిరిపోయింది. అప్పట్నుంచి క్రియేటివ్ కామన్స్ సంగీతమే, అంటే చేసినవాళ్లే ఫలానా షరతులతో వాడుకోండని ముందే అనుమతిచ్చిన సంగీతమే, వాడుతున్నాను. డబ్బులక్కర్లేదు గానీ పాట కింద లైసెన్సు చదవాలి. సీసీ జీరో, అంటే హక్కులన్నీ వదిలేసినది, అయితే ఏ గొడవా లేదు. బీవై అంటే పాట పేరు, చేసినవాళ్ల పేరు, లైసెన్సు లింకు వీడియో కింద రాయాలి. ఎన్‌సీ, అంటే వ్యాపారానికి వాడొద్దని, ఉంటే కొట్టు ప్రకటనకి పనికిరాదు. అందరూ బోల్తాపడేది ఎన్‌డీ, అంటే మార్చిన పాటను పంచుకోవద్దనే షరతు, దగ్గర. పాటను ముక్క కూడా కత్తిరించకపోయినా సరే, దృశ్యానికి జతచేయడమే మార్పు కింద లెక్క. అలాంటి పాటలు వదిలేయండి.

పాట దించుకున్న రోజే ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత ఎవరైనా అడిగితే రుజువు.

ఎడిటింగుకి కేడెన్‌లైవ్, సౌండుకి ఆడాసిటీ, రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. ఫ్యాన్ హోరు పోవాలంటే ఆడాసిటీలో ఎవరూ మాట్లాడని రెండు సెకన్ల ముక్క సెలెక్ట్ చేసి, నాయిస్ రిడక్షన్‌లో ‘గెట్ నాయిస్ ప్రొఫైల్’ నొక్కండి. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి, మళ్లీ అదే తెరిచి ఓకే కొట్టండి. మరీ ఎక్కువ తగ్గించకండి. నేను అలా చేస్తే మా అత్తయ్య బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు వచ్చింది!

వీడియో మీద పేర్లు ఒడియాలోనూ వేయాలంటే నోటో ఫాంట్లున్నాయి, తెలుగుకీ అవే.